పెద్దాయన గొంతులో మసి

ఆ రోజుల్లో మా మగ్గాల వీధిలో బి.ఎస్సీ. చదివినవాడంటే అన్ని జబ్బులకూ ఒకే మందులాంటివాడు. రేడియో గరగరమంటే వాణ్ణి పిలిచేవాళ్ళు, నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే మందుల చీటీ వాడికి చూపించేవాళ్ళు, తాలూకా ఆఫీసు నుంచి ఇంగ్లీషులో కాగితం వస్తే వాడి గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. మా వీధిలో అంత చదువు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ మర్యాదంతా నాకే దక్కింది. నేను పాసయింది థర్డు క్లాసు మార్కులతో అన్న సంగతి వీధికి తెలియదు. తిరువళ్ళూరులో ఒక హైస్కూల్లో సైన్సు ల్యాబులో ఉద్యోగం అని చెప్పుకొనేవాణ్ణి. అది అబద్ధం కాదు. గాజు గొట్టాలు కడిగి ఆరబెట్టడం కూడా ల్యాబులోనే కదా జరిగేది! శనివారం సాయంత్రం ప్యాసింజరు ఎక్కి తిరుత్తణిలో దిగి, పళ్ళిపట్టు బస్సు పట్టుకొని, అత్తిమంజేరిపేటకు రెండు మైళ్ళ ఇవతల మా ఊళ్ళో దిగేసరికి నా నడకలో తేడా వచ్చేసేది. సోమవారం పొద్దున మళ్ళీ తిరువళ్ళూరులో దిగేసరికి అది మామూలైపోయేది. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తనంటే ఎంత నమ్మకం ఉంటుందో తలుచుకొంటే ఇప్పటికీ నాకు కాస్త భయం వేస్తుంది.

మా ఇల్లూ మా మామ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మామ అంటే మా అమ్మకు స్వయానా అన్న. ఆయనకు ఆరు మగ్గాలుండేవి. నేసిన చీరలు మూటలు కట్టి తిరువళ్ళూరు, మద్రాసు అంగళ్ళకు వేసేవాడు. బస్సుల మీద మూటలు మోసి మోసి విసుగొచ్చి, మద్రాసులో ఎవరో డాక్టరు ఇరవై ఏళ్ళు వాడి వదిలించుకొన్న నల్ల కారొకటి కొన్నాడు. మా వీధికి అదే మొదటి కారు. దానికి మేం పెట్టుకొన్న పేరు పెద్దాయన. ఎందుకంటే తాళం తిప్పి ఆపినా అది ఆగేది కాదు. ఎవరు వద్దన్నా చెప్పదలచుకొన్నది చెప్పి తీరే పెద్దమనిషిలాగా, తాళం చేతికొచ్చిన తర్వాత కూడా దగ్గుతూ, మూలుగుతూ, ఒళ్ళంతా ఊగిపోతూ అర నిమిషం పాటు మాట్లాడేది. అంతసేపూ మా మామ చేతులు కట్టుకొని సీట్లోనే కూర్చొనేవాడు. "దిగు మామా" అంటే, "ఉండరా, పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు లేచి పోకూడదు" అనేవాడు. చివర్న ఒక్క పెద్ద దగ్గు దగ్గి అది ఊరుకొంటే అప్పుడు తలుపు తీసుకొని దిగేవాడు. (మా అత్త మాత్రం ఆ దగ్గు వినగానే అన్నం వడ్డించేది. ఆమెకు గడియారంతో పని లేకుండా పోయింది.)

నేల మీద ఎన్ని వేషాలు వేసినా పెద్దాయన పని నెట్టుకొచ్చేవాడు. చిక్కంతా ఎత్తు దగ్గరే వచ్చింది. కారు కొన్న రోజునే మా అవ్వ, అంటే మామకూ మా అమ్మకూ తల్లి, ఒక మొక్కు మొక్కుకొంది. ఆ బండి తనంతట తాను తిరుత్తణి కొండెక్కి సుబ్రహ్మణ్యస్వామి ముందు నిలబడాలని, అందులో తాను కూర్చొని ఉండాలని. మోకాళ్ళు పనిచేసినంత కాలం ఆమె మెట్లెక్కే వెళ్ళింది, ఆ మోకాళ్ళు ఇక కుదరదన్నాయి. ముందు సంవత్సరం ఆడి నెలలో, అంటే అరవవాళ్ళ ఆషాఢంలో, ఆమెను ఎక్కించుకొని బయల్దేరాం. కొండదారిలో మొదటి మలుపు దాటగానే ఇంజను లోపల ఎవరో రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మొదలైంది. రెండో మలుపు దగ్గర పెద్దాయన నిలబడిపోయాడు. వెనక వస్తున్న కావడి భక్తులు కావళ్ళు పక్కన దించి, "అరోహరా" అంటూ కారును తోయడానికి వచ్చారు. అవ్వ తలుపు తీసుకొని దిగేసింది. "సామికని కావిడి మోసుకొచ్చినోళ్ళు నన్ను మోసేదా? వద్దు. తోస్తే ఎక్కినట్టు కాదు" అంది. అక్కడి నుంచే కొండ వైపు ఒక దండం పెట్టి, కారు ముఖం కిందికి తిప్పించింది. కొండమీదికి బస్సు పోతుంది కదా అవ్వా అని ఆ తర్వాత నేనంటే, "బస్సు మొక్కుకొందా, నేను మొక్కుకొన్నానా?" అని నా నోరు మూయించింది.

మళ్ళీ ఆడి నెల నాలుగు వారాల దూరానికి వచ్చింది. అవ్వ ఈసారి పట్టుబట్టింది. నెల పుట్టిన మొదటి మంగళవారం పోయి తీరాలంది. "వచ్చే ఏడు చూద్దాంలేమ్మా" అని మామ అంటే, "వచ్చే ఏడు కాదు, ఈ ఏడే" అని, ఎందుకో చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అంత గట్టిగా అడిగేసరికి మామకు మనసు ఊరుకోలేదు. ఆ ఆదివారమే నన్ను వెంటబెట్టుకొని కారును తిరుత్తణిలో కొండదారి మొదట్లో షెడ్డున్న మేస్త్రీ దగ్గరికి తోలుకెళ్ళాడు. మేస్త్రీ అరవాయన, చేతులకన్నా మాటలు తక్కువ వాడే మనిషి. తాళం తిప్పి ఆపమన్నాడు. మామ ఆపాడు. పెద్దాయన యథాప్రకారం ఉపన్యాసం మొదలుపెట్టాడు. మేస్త్రీ అది పూర్తయ్యేదాకా మర్యాదగా విని, "కార్బన్" అన్నాడు. తర్వాత చెప్పిందాని సారాంశం ఏమిటంటే, ఇరవై ఏళ్ళ మసి ఇంజను లోపల గట్టిపడి పేరుకొంది, ఆ మసి నిప్పుకణికలా ఎర్రగా కాలుతూ తాళం తీసినా పెట్రోలును మండిస్తూనే ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ చప్పుడూ దానివల్లే. ఇంజను పైమూత, అంటే హెడ్డు, విప్పి మసంతా గీకాలి. "ఎప్పుడు చేస్తారు?" అంటే షెడ్డు ముందు వరసగా నిలబడిన టాక్సీలను చూపించి, "ఆడి కృత్తిగ ముడియట్టుం సార్" అన్నాడు. కొండమీద ఆడి కృత్తిక పండగ అయిపోయేదాకా కుదరదన్న మాట. మామ ముఖం వాడిపోయింది. అదిగో, అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. "హెడ్డు విప్పి గీకడమే కదా మామా. నేను చేస్తా."

మేస్త్రీ నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. నా తెల్లచొక్కా జేబులోని పెన్ను దగ్గర ఆయన చూపు కాసేపు ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళి వాల్వుల స్ప్రింగులు అణిచే పనిముట్టు ఒకటీ, అడుగున కొద్దిగా మిగిలిన గరుకు పేస్టు డబ్బా ఒకటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పాడు చేసుకొంటే ఇక్కడికే కదా తెచ్చేది" అన్నట్టుగా ఒక చిన్న నవ్వు నవ్వాడు. ఆ నవ్వు నన్ను రెండు వారాలు సరిగా తిననివ్వలేదు. తిరువళ్ళూరులో పాత పుస్తకాలమ్మే అంగట్లో కార్ల మరమ్మత్తు గురించి అట్టలేని ఇంగ్లీషు పుస్తకమొకటి దొరికితే కొని, రైల్లో అటూ ఇటూ తిరుగుతూ కంఠస్థం చేశాను. ఇంట్లో మామ నమ్మలేదు, మా అత్త అసలే నమ్మలేదు. "ఏమబ్బా, పోయిన సారి మా గోడ గడియారం బాగు చేసినావు. అది ఇప్పుడు రోజుకి రెండు తూర్లు సరైన టైము చూపిస్తా ఉండాది" అంది. అవ్వ ఒక్కతే, "వాడు చేస్తాడు. చదువుకొన్నోడు" అంది. అంత నమ్మకం నా మీద ఇంకెవరికీ, నాతో సహా, లేదు.

మొదటి ఆదివారం మామ ఇంటి ముందు, మగ్గాల గదికి చేర్చిన పందిరి కింద పెద్దాయన నోరు తెరిపించాం. నీళ్ళు దించి, వైర్లు లాగి, పదకొండు నట్లు విప్పి, మామా నేనూ చెరో వైపు పట్టుకొని హెడ్డును పైకెత్తితే వీధంతా వచ్చి తొంగిచూసింది. లోపల మూడు తరాలుగా తోమని పెనం అడుగులా ఉంది. మసి పొరలు పొరలుగా గట్టిపడి, కొన్నిచోట్ల వేలు మందాన ఉంది. పిస్టన్ల మీద ఇనుము పెట్టి గీకకూడదు, గీతలు పడతాయి అని పుస్తకంలో రాశారు. దానికి ఏం కావాలో రాసినాయనకు తెలిసినట్టు లేదుగానీ, మా వీధిలో అది ప్రతి ఇంట్లోనూ ఉండేది. విరిగిన మగ్గం సామానులోంచి వెదురు బద్దలు ఏరి, కొనలు చెక్కి, కిరసనాయిలులో ముంచుకొంటూ గీకాం. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి రెండు చేటల మసి వచ్చింది. మా అత్త రేషను కిరసనాయిలు ఎంత అయిపోయిందో సీసా ఎత్తి చూపించి ఒక నిట్టూర్పు విడిచింది. నా ముఖం ఎంత నల్లబడిందంటే, భోజనానికి పిలవడానికొచ్చిన మా అమ్మ నా ముందే నిలబడి "అబ్బి యాడికి పోయినాడు?" అని మామను అడిగింది.

రెండో ఆదివారం వాల్వుల పని. ఒక్కొక్కటీ పొడుగాటి కాడ ఉన్న ఇనుప కుక్కగొడుగులా ఉంటుంది. మొత్తం ఎనిమిది, నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి. ఒక్కొక్కదాన్నీ దాని గూట్లో కూర్చోబెట్టి, మధ్యలో గరుకు పేస్టు పూసి, దాని తలకు ఒక కర్ర తగిలించి, ఆ కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పుతూ అరగదీయాలి. అలా అరిగి అరిగి ఆ వాల్వు ఆ గూటికే సరిపోతుంది, ఇంకో గూటికి పనికిరాదు. ఏది ఏ గూటిదో గుర్తు పెట్టుకోవడం ప్రాణంతో సమానమని పుస్తకం రెండు చోట్ల నొక్కి చెప్పింది. నేత ఇంట పుట్టినవాడికి గుర్తులు నేర్పాలా? ఎనిమిది రంగుల నూలు కండెలు తెచ్చుకొన్నాను. ఒకటి ఎరుపు, రెండు పచ్చ, మూడు పసుపు, నాలుగు నీలం అంటూ నోటుపుస్తకంలో అందంగా పట్టిక గీసుకొన్నాను. అవ్వను పక్కన పీటమీద కూర్చోబెట్టి, కండెలు ఆమె ఒళ్ళో పోసి, ఒక్కొక్క వాల్వూ అరగదీయడం పూర్తికాగానే వెనక్కి తిరగకుండానే చేయి చాపి ఇచ్చేవాణ్ణి. "అవ్వా, ఇది ఒకటో నంబరు, ఎర్రది కట్టు." "సరి." "ఇది రెండు. పచ్చది." "సరి." డెబ్బై ఏళ్ళు దారంతోనే బతికిన చేతులు. పడుగులో తెగిన పోగులు అతకడంలో మా వీధిలో ఆమెను మించినవాళ్ళు లేరు. సాయంత్రానికి ఎనిమిదీ గంపలో ఉన్నాయి, పేస్టు డబ్బా అడుగు వేలితో తుడిచి మరీ ఖాళీ చేశాను. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలను వారమంతా తిరువళ్ళూరు స్కూల్లో అందరికీ కనబడేలా గాజు గొట్టాలు పట్టుకొన్నాను.

మూడో ఆదివారం వచ్చింది, మంగళవారం మొక్కు. సోమవారానికీ మంగళవారానికీ సెలవు చీటీ ఇచ్చి వచ్చాను. ఇక బిగించడమే మిగిలింది. గంపలోంచి ఒక వాల్వు తీసి ఎండకు పట్టి చూస్తే, గొడుగు కింద, కాడ మొదట్లో ఇంకా కొద్దిగా మసి ఉంది. పోనిస్తే పోయేది. కానీ నాలోని శాస్త్రజ్ఞుడు నిద్ర లేచాడు. మామ పెరట్లో నూలు ఉడకబెట్టే పెద్ద రాగి అండా ఉండేది. మసినీ జిడ్డునీ కరిగించడానికి సోడాను మించింది లేదని ల్యాబులో గొట్టాలు కడిగి కడిగి నాకు బాగా తెలుసు. పొయ్యి రాజేసి, రెండు దోసిళ్ళ సోడా వేసి, అంతటితో ఊరుకోక, నూలు తెల్లగా రావడానికి మామ వాడే పొడి కూడా ఒక గుప్పెడు కలిపి, ఎనిమిది వాల్వులనూ దారాలతో సహా అందులోకి దింపాను. గంటసేపు కుతకుత ఉడికించి, కర్రతో పైకి తీశాను. ఎంత బాగా వచ్చాయో చెప్పలేను! కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. మెచ్చుకోలు కోసం మామను కేకేశాను. మామ వచ్చి, చూసి, "బ్రహ్మాండంగా ఉండాయిరా" అని, ఒక క్షణమాగి, "దారాలు కూడా" అన్నాడు.

ఎనిమిది దారాలూ మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. ఎరుపు లేదు, పచ్చ లేదు, ఏమీ లేదు. నూలు తెల్లబరిచే పొడి వేస్తే నూలు తెల్లబడుతుందని తెలియడానికి బి.ఎస్సీ. అక్కర్లేదు. మా వీధిలో పుట్టి ఆ పని చేసినవాడు మాత్రం ఈ రోజుదాకా నేనొక్కణ్ణే. చేతిలో నోటుపుస్తకం పట్టిక అందంగా ఉంది, దానికి సరిపోయేది మాత్రం లోకంలో ఏదీ లేదు. పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు అని కంటికి తెలుస్తోంది కదా అని లెక్క వేసుకొన్నాను. నాలుగింటిని నాలుగు గూళ్ళలో ఇరవై నాలుగు రకాలుగా పెట్టొచ్చు, అవీ ఇవీ కలిపితే ఐదువందల డెబ్బై ఆరు రకాలు. అందులో ఒక్కటే సరైంది. (చదువు వల్ల కలిగిన లాభం ఇదే. ఎంత మునిగిపోయానో కచ్చితంగా అంకెల్లో తెలుసుకోగలిగాను.) మళ్ళీ అరగదీయాలంటే పేస్టు లేదు, ఆదివారం మధ్యాహ్నం దాటితే మేస్త్రీ షెడ్డు మూసేస్తాడు, మూయకపోయినా ఆ నవ్వు ముందు మళ్ళీ నిలబడే ధైర్యం నాకు లేదు. మామ తిట్టి ఉంటే బాగుండేది. పెరటి గోడకు చేరగిలబడి, పక్క సందులోంచి కనబడుతూ నోరు తెరుచుకొని పడున్న పెద్దాయన వైపే చూస్తూ కూర్చొన్నాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంత నిశ్శబ్దం మా ఇంట్లో అరుదు కాబట్టి అవ్వ గోడ పట్టుకొని మెల్లగా పెరట్లోకి వచ్చింది. "ఏమిరా, అందరూ నోళ్ళు మూసుకొని ఉండారు?"

"ఏం లేదులేమ్మా," అన్నాడు మామ. "నీ మనవడు నీ మొక్కుని సోడానీళ్ళలో ఉడకబెట్టినాడు."

"దారాల రంగులు పోయినాయి అవ్వా. ఏది ఒకటో, ఏది ఎనిమిదో తెలీడం లేదు. అంతా నా వల్లే" అన్నాను.

"దారం యాడికీ పోలేదు కదా? ఇట్లియ్యి" అంటూ చేయి చాపింది. ఒక వాల్వు చేతిలో పెట్టాను. బొటనవేలితో దారం మీద ఒకసారి తడిమి, "ఇది అయిదు" అంది. ఇంకోటి ఇచ్చాను. "రెండు." ఇంకోటి. "ఏడు. దీన్ని జాగ్రత్తగా పెట్టు, చిన్నది."

"ఎట్ల తెలిసింది అవ్వా!"

"ముడులు ఎంచుకోరా సామీ. ఒకటోదానికి ఒక ముడి, రెండోదానికి రెండు. ఎనిమిదోదానికి ఎనిమిది. వేసి వేసి వేళ్ళు నొప్పి పుట్టినాయి."

(మా అత్త అక్కడికక్కడే, "అట్లయితే మూడోదానికి మూడు ముళ్ళు పడినట్టే. పెళ్ళయిపోయింది దానికి" అంది. అంతసేపటికి ఎవరో ఒకరు నవ్వారు.)

"రంగు చూసి కట్టమంటే ముడులెందుకు వేసినావు?" అని అడిగాను. అవ్వ చేతిలోని వాల్వును తిప్పుతూ, "రంగులు యాడ కనబడతా ఉండాయిరా నాకు?" అంది. "ఏడాదిగా అంతా పొగమంచు మాదిరి ఉండాది. ఎర్రది అంటే చేతికి ఏది వచ్చిందో అది కట్టినా. నువ్వేమో వెనక్కి తిరిగి చూడనే లేదు."

మామ లేచి నిలబడ్డాడు. "ఏడాదిగానా? వారం వారం నా చీరలు చూసి బాగుండాది, బాగుండాది అన్నావే!"

"బాగుండేవి బాగుండాయి అన్నా. చేతికి నేత తెలీదా? బాగా లేనివాటికి దగ్గినా, నువ్వు గమనించలా."

"చెప్తే కన్నాసుపత్రికి తీసుకపోయే వాణ్ణి కదమ్మా."

"అందుకే చెప్పలా. కత్తి పెడితే ఉండే కాస్తా పోతే ఏమి చేసేది? ముందు సామిని చూసుకోనీ. ఈ ఏడు పోతే మళ్ళీ ఏడుకి ఆ మాత్రం కూడా కనబడదు. చూసినాక మీరు యాడికి తీసుకపోతే ఆడికి వస్తా."

వచ్చే ఏడు కాదు, ఈ ఏడే అని ఆమె ఎందుకు పట్టుబట్టిందో మాకు అప్పుడర్థమైంది. మామ తలపాగా కొసతో ముఖమంతా తుడుచుకొన్నాడు. నాకు ఇంకొక సంగతి కూడా అర్థమైంది. రంగులు పోకుండా ఉండి ఉంటే నేను నా అందమైన పట్టిక చూసుకొంటూ, అవ్వ చేతికొచ్చినట్టు కట్టిన రంగుల ప్రకారం, చాలావాటిని తప్పుడు గూళ్ళలో ఎంతో జాగ్రత్తగా బిగించేసి ఉండేవాణ్ణి. నా మొదటి తెలివితక్కువతనాన్ని నా రెండో తెలివితక్కువతనం కాపాడింది. ఇంత అదృష్టం తెలివైనవాళ్ళకు దొరకదు.

సోమవారం బిగింపు. ఈసారి నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. అవ్వ పీటమీద కూర్చొని, గంపలో చేయి పెట్టి, ముడులు లెక్కపెట్టి, "ఒకటి... ఇదో, రెండు" అంటూ అందించింది. నేను గూళ్ళలో కూర్చోబెట్టాను. తిరువళ్ళూరులో కొనితెచ్చిన కొత్త గ్యాస్కెట్, అంటే సందు మూసే రేకు, పరిచి హెడ్డు దించాం. నట్లు ఒక వైపు నుంచి వరసగా బిగించబోతుంటే పుస్తకం గుర్తొచ్చి ఆగాను. నడిమి నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగించుకొంటూ అంచులకు రావాలన్నాను. "అది పుస్తకం చెప్పాల్నా? ఒక పక్కనుంచే లాగితే ఏదైనా మెలిక పడుతుంది" అంది అవ్వ. సాయంత్రానికి పదకొండు నట్లూ బిగిశాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. మిగలకపోవడం చూసి నాకే అనుమానం వచ్చింది. మామ సీట్లో కూర్చొని, కళ్ళు మూసుకొని దండం పెట్టి, తాళం తిప్పాడు. పెద్దాయన ఒకసారి ఎక్కిళ్ళు పెట్టి, గుప్పుమని నల్లటి పొగ వదిలి (పక్కింటివాళ్ళు అరుగుమీద ఆరేసిన తెల్ల నూలుకు ఆ సాయంత్రం కొత్త రంగొకటి అబ్బింది, ఆ తిట్లు ఇక్కడ రాయను) ఆ తర్వాత కుట్టుమిషనులా సన్నగా, సాఫీగా తిరగడం మొదలుపెట్టాడు. మామ తాళం తిప్పి ఆపాడు. అంతే! నిశ్శబ్దం. ఒక్క దగ్గు లేదు, ఒక్క మూలుగు లేదు. మామ అలవాటు కొద్దీ చేతులు కట్టుకొని కూర్చొనే ఉన్నాడు. కొంతసేపటికి కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏమిరా... చచ్చిపోయిందా?" అని రహస్యంగా అడిగాడు. మా అత్త ఆ రాత్రి దగ్గు వినబడలేదని అన్నం వడ్డించడమే మరిచిపోయింది.

మంగళవారం తెల్లవారగానే బయల్దేరాం. ముందు సీట్లో మామ పక్కన అవ్వ, వెనక అత్తా నేనూ. కొండదారి మొదట్లో మేస్త్రీ షెడ్డు ముందునుంచి పోతుంటే నేను కావాలనే కిటికీ వైపు జరిగి కూర్చొన్నాను. ఆయన ఎవరి కారు కిందో దూరి ఉన్నాడు, కాళ్ళు మాత్రం కనబడ్డాయి. మొదటి మలుపు వచ్చింది. గులకరాళ్ళ చప్పుడు కోసం నలుగురం చెవులు రిక్కించుకొని ఉన్నాం. లేదు. రెండో మలుపు, ముందు సంవత్సరం ఆగిపోయిన చోటు, కనబడగానే మా అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకొంది. మామ గేరు మార్చాడు. పెద్దాయన గుటక కూడా వేయకుండా మలుపు తిరిగేశాడు. "అరోహరా!" అని అరిచింది నేనే. పద్ధతిగా దేవుడికి దండం కూడా పెట్టని బి.ఎస్సీ. వాణ్ణి, గొంతు చించుకొని అరిచాను. పక్కన నడిచి పోతున్న కావడి భక్తులు మమ్మల్ని చూసి బదులు "అరోహరా" అన్నారు. పైకి చేరాక మామ కారాపాడు. తలుపు తీసి అవ్వ చేయి పట్టుకొంటే, "ఉండరా, ఇంకా ఆపలేదే?" అంది. "ఆపేసినాము అవ్వా. వచ్చేసినాము, దిగు." "సద్దు లేకుంటే వచ్చినామని ఎట్ల తెలిసేది?" అని విసుక్కొని దిగింది. నేల మీద కాలు పెట్టగానే కారు బానెట్‌ను వెతికి పట్టుకొని దానికి రెండు చేతులతో దండం పెట్టింది.

గుడిలో జనాన్ని తోసుకొని ఆమెను గర్భగుడి ఎదుట నిలబెట్టాను. హారతి వెలుగులో స్వామి చేతిలోని వేలాయుధం తళుక్కుమంది. "కనబడినాడా అవ్వా?" అని చెవిలో అడిగాను. "కనబడకేమి! వేలు ఎట్ల మెరస్తా ఉండాది చూడు. మెళ్ళో ఎర్రపూల దండ కూడా" అంది. దండ పసుపుపచ్చ చామంతులది. "అవునవ్వా, ఎర్రదే" అన్నాను. ఆమె చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది. ఆ నిమిషం అంత గెలుపు నాకు ఆ తర్వాత జీవితంలో మళ్ళీ దొరకలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

దిగేటప్పుడు మేస్త్రీ షెడ్డు ముందు మామ కావాలనే ఆపాడు. ఆపి, తాళం తీసి, మేస్త్రీ వినేలా ఆ నిశ్శబ్దాన్ని అలాగే కాసేపు ఉంచాడు. మేస్త్రీ చేతులు తుడుచుకొంటూ వచ్చి, చెవి పెట్టి విని, మళ్ళీ స్టార్టు చేయమని, మళ్ళీ ఆపమని, చివరికి తలూపి, "యారు సెంజదు?" అన్నాడు. ఎవరు చేశారన్న మాట. నేను ఛాతీ ముందుకు పెట్టి, గొంతు సవరించుకొని, నోరు తెరిచేలోపల మామ ముందు సీట్లో ఉన్న అవ్వను చూపించి, "మా అమ్మ" అన్నాడు. మేస్త్రీ కథంతా విని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "పాట్టీ, నాళైక్కి వేలైక్కు వరీంగళా?" రేపటి నుంచి పనిలోకి వస్తారా అవ్వా అని అడిగాడు. అవ్వ ఏమాత్రం తడుముకోకుండా, "ముందు నీ పేస్టు డబ్బా నిండుగా పెట్టుకో, వస్తా" అంది.

మరుసటి వారమే మామ ఆమెను మద్రాసు కన్నాసుపత్రికి తీసుకెళ్ళాడు. కట్టు విప్పి, లావాటి కళ్ళద్దాలు పెట్టి ఇంటికి తీసుకొచ్చినప్పుడు ఆమె మొదట చూసింది మమ్మల్ని కాదు. పందిరి కింద నిలబడి ఉన్న పెద్దాయనను చుట్టూ తిరిగి చూసి, "ఇది నల్లదా? ఇన్నాళ్ళూ నీలం అనుకొన్నా కదరా" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి చాలాసేపు చూసి, "నువ్వు కూడా నల్లబడిపోయినావు" అంది.

ఎన్నో పెళ్ళిళ్ళలో, ఎన్నో రైళ్ళలో ఈ కథ నేను చెప్పాను. చాలాకాలం అందులో అవ్వ పాత్ర కాస్త చిన్నదిగానే ఉండేది. ఇంజను నేను బాగు చేశాను, అవ్వ దారాలు కట్టింది, అంతే. ఆ తర్వాత నేను విప్పిన రేడియోలూ, పంకాలూ, ఒక స్కూటరూ ఏమయ్యాయో చెప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు చెబితే కథ సరిగ్గానే చెబుతున్నాను. ఎందుకంటే మొన్న మా మనవరాలు రెండు చీరలు తెచ్చి నా ముందు పరిచి, "తాతా, పెళ్ళికి పచ్చది కట్టుకోనా, నీలందా?" అని అడిగింది. నేను రెండింటినీ బొటనవేలితో ఒకసారి తడిమి చూశాను. ఒకదాని దగ్గర చిన్నగా దగ్గి, రెండోది చేతికిచ్చి, "ఇది కట్టుకో, బంగారట్లుంది" అన్నాను.